బల్ల పెద్దదైతే జబ్బు పెద్దదా

ఓడకు 34 రోజులు

పొద్దున రెండు ఇడ్లీలు పెట్టారు. ఒకటిన్నర దగ్గర కడుపు ఇక చాలంది. యాభై నాలుగేళ్ళలో నా కడుపు నోట ఆ మాట రావడం ఇదే మొదలు.

రోజూ ఏం తిన్నానో, ఎక్కడ బరువుగా ఉందో రాసి చూపించమంది డాక్టర్ షమీమ్. "నిజం రాయండి వేణమ్మగారూ, నాకు నచ్చేలా రాయొద్దు," అని కూడా అంది. సరే, నిజమే రాస్తాను. మీ ఆస్పత్రి ఉప్మా బాగోదు డాక్టరమ్మా.

నా పేరు వీరవేణి. చంద్రుడి దక్షిణపు కొసన, ఎండ పడని గోతిలో మంచు తవ్వి నీళ్ళు చేసే ఊరు మాది. ఊరి పేరు చలివేంద్రం. పేరు పెట్టినవాడికి నీళ్ళు గుర్తొచ్చాయో చలి గుర్తొచ్చిందో తెలీదు, రెండింటికీ ఇక్కడ లోటు లేదు. రెండు వందల పన్నెండు మంది తాగే నీళ్ళ గొట్టాలు, పంపులు, వడపోత తొట్లు నా చేతిమీద నడుస్తాయి. పదకొండేళ్ళయింది.

నిన్న ఎడమ డొక్కలో బరువు, మెట్లెక్కితే ఆయాసం, ఒంటి మీద నల్లమచ్చలు అని ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ పడుకోబెట్టి పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కింది. చెయ్యి అలా జరుగుతూ జరుగుతూ బొడ్డు దాకా వచ్చేసింది. ఆ పిల్ల మొహంలో రంగు మారింది.

"ఇదంతా మీ ప్లీహమే," అంది.

"మా అమ్మమ్మ దీన్ని కడుపులో బల్ల అనేదమ్మా. మలేరియా వచ్చిపోయినవాళ్ళకి ఉండేదంట."

"మలేరియాకి దోమ కావాలి కదండీ."

ఈ ఊళ్ళో దోమ లేదు. కుట్టడానికి మేనేజరు పట్టాభి ఒక్కడే ఉన్నాడు.

ప్లీహం మామూలుగా పిడికిలంత ఉంటుందట, పొడవు పదకొండు సెంటీమీటర్లు. నాది ఇరవైమూడు. కడుపు సంచిని అది పక్కకి నెట్టేస్తోంది కాబట్టే సగం ఇడ్లీ మిగిలిపోయింది. ఆ వైపు దెబ్బ తగిలితే పగిలిపోవచ్చంది. నీళ్ళ బెలూను మోస్తున్నట్టు నడవాలి అంది. ఇక్కడ బరువు ఆరో వంతు కాబట్టి అందరం ఎలాగూ బెలూన్లలాగే నడుస్తాం.

ఓడకు 31 రోజులు

రక్తం తీసింది. తుంటి ఎముకలోంచి మూలుగు కూడా తీసింది. అది ఎలా ఉంటుందో రాయను. రాస్తే ఇంకెవరూ తీయించుకోరు.

సాయంత్రం పిలిచి తలుపు వేసింది. తలుపు వేసినప్పుడే నాకు తెలిసిపోయింది.

"లింఫోమా అంటారు వేణమ్మగారూ. క్యాన్సరే. కానీ అందులో చాలా రకాలున్నాయి. మీది ఏ రకమో తేలడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మీరు ఏడవకండి."

ఏడ్చింది ఆవిడే. ముప్పై ఒక్క ఏళ్ళ పిల్ల. ఇక్కడికొచ్చాక విరిగిన చేతులు, పుచ్చిన పళ్ళు తప్ప ఇంకేం చూడలేదు. నేను లేచి మంచినీళ్ళిచ్చాను. నా గొట్టాల నీళ్ళే కదా, ధైర్యంగా తాగింది.

గదికొచ్చాక నేనూ ఏడ్చాను. ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను డాక్టరమ్మా.

ఓడకు 28 రోజులు

ఐదు నెలలకోసారి భూమి నుంచి ఓడ వస్తుంది. అందులో రోగిని పడుకోబెట్టి తీసుకెళ్ళే మంచం ఒక్కటే ఉంటుంది. అది ఎవరికి ఇవ్వాలో ఆస్పత్రి యంత్రం మార్కులేసి చెబుతుంది, పట్టాభి సంతకం పెడతాడు. బల్ల ఇరవైమూడు సెంటీమీటర్లు అనేసరికి యంత్రం పదకొండుకి పదకొండు మార్కులిచ్చింది. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో కూడా నాకు అన్ని రాలేదు. మంచం నాదే.

చెల్లెలు చిట్టితో మాట్లాడాను. ఉప్పాడలో తన ఇంట్లో సముద్రం వైపు గది నాకోసం సర్దుతోందట.

"నీకేం కావాలక్కా? ఏం వండమంటావు?"

"ఏమీ వద్దే. పంపు చప్పుడు లేని చోట ఒక్కపూట నిద్రపోవాలి."

పదకొండేళ్ళుగా నా తలగడ వెనక పంపు కొట్టుకుంటూనే ఉంది. అది ఆగితే ఉలిక్కిపడి లేస్తాను. సముద్రం చప్పుడు మాత్రం తక్కువా అంది చిట్టి. సముద్రం ఆగితే నేను లేచి బాగుచెయ్యక్కర్లేదు కదా.

ఓడకు 26 రోజులు

భోజనాల హాల్లో నాకు వీడ్కోలు విందు చేశారు. మా షిఫ్టువాళ్ళు పాటలు పాడారు. బాగా పాడలేదు.

ముసలయ్య పక్కన కూర్చున్నాడు. మంచు తవ్వే యంత్రం నడుపుతాడు, అరవై ఒకటో ఏడు. గుంటూరు వైపు మనిషి. అది పుట్టినప్పుడు పెట్టిన పేరే, వయసు తర్వాత వచ్చి దానికి సరిపోయింది. పదకొండేళ్ళుగా ఆయన తవ్విన మంచుని నేను కరగబెడుతున్నాను, ఒకరినొకరు తిట్టుకోకుండా ఒక్కరోజు గడవలేదు.

"పోయేదానివి పోకుండా ఈ పాటలన్నీ వినిపిస్తన్నావేందమ్మా మాకు," అన్నాడు.

"నువ్వు తినవేంటి ముసలయ్యన్నా? బిరియానీ పెట్టారు కదా."

"ఆకలి లేదులే. నీ బల్లని చూస్తేనే కడుపు నిండిపోయింది."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బిరియానీ ముద్ద ముట్టకుండా ముసలయ్య లేచి వెళ్ళడం మాత్రం పదకొండేళ్ళలో చూడలేదు.

ఓడకు 23 రోజులు

కడుపులో బల్ల ఉన్నా పని పనే. వెళ్ళేలోపు నా లెక్కలన్నీ తర్వాతవాళ్ళకి అప్పగించాలి. ఈరోజు తేమపెట్టెల వంతు.

ప్రతి గదిలోనూ గోడకి ఒక తేమపెట్టె ఉంటుంది. మనిషి వదిలిన ఊపిరిలోని, చెమటలోని తడిని గాలిలోంచి పట్టి వెనక్కి తెస్తుంది. శుద్ధి చేశాక మళ్ళీ తాగడానికే. ఒకరి చెమట ఒకరు తాగుతూ బతికే ఊరు ఇది, అందుకే ఇక్కడ కులం అడిగేవాడు లేడు.

మనిషి నిద్రపోయి లేచేసరికి పెట్టెలో సుమారు అర లీటరు ఉంటుంది. ముసలయ్య గదిది లీటరున్నర చూపిస్తోంది. వెనక్కి తిప్పి చూశాను. ఆరు వారాల కిందట అర లీటరే. తర్వాత ముప్పావు, తర్వాత లీటరు. పెరుగుతూనే ఉంది.

నాకు తట్టింది ఒకటే. ముసలాయన గదిలో సారా కాస్తున్నాడు. పదకొండేళ్ళ స్నేహితురాలికి ఒక్క చుక్క ఇవ్వకుండా!

ఓడకు 22 రోజులు

షిఫ్టు మారే వేళ, పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టాను. పెట్టె బాగుచెయ్యాలి అన్నాను. వద్దు, రేపు రా అన్నాడు. నేను అప్పటికే లోపలున్నాను.

కుండ లేదు, గొట్టం లేదు, వాసనా లేదు. మంచం చట్రం మీద నాలుగు బనియన్లు ఆరేసున్నాయి. దుప్పటి పిండితే నీళ్ళు కారేలా ఉంది. చొక్కా లేకుండా నిలబడ్డాడు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు పొడుచుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెట్టె పాడైనట్టుంది. కారతంది."

"పెట్టె కారితే బనియన్లు తడవవు అన్నా. ఎన్నాళ్ళ నుంచి?"

మంచం మీద కూర్చున్నాడు. "ఆరేడు వారాలు. పడుకుంటే చాలు, ఒళ్ళంతా చెమట. సాయంత్రమైతే జొరం. ముందు మామూలు చలిజొరమనుకున్నా. చెప్దామనుకునేసరికి నీ సంగతి బయటపడింది."

"నా సంగతికి, నీ జ్వరానికి ఏంటి సంబంధం?"

"మంచం ఒకటే గదా వేణమ్మా."

చెయ్యి లేచింది, ఆయన నెత్తిన గట్టిగా ఒక మొట్టికాయ వేశాను. ఇక్కడ మొట్టినవాళ్ళే వెనక్కి పోతారు. ఎగిరి వెళ్ళి బీరువాకి గుద్దుకున్నాను. కుడివైపు తగిలింది కాబట్టి ఈ పేజీ రాస్తున్నాను. ఎడమవైపు తగిలుంటే మీరు ఇంకో కాగితం మీద రాసుకునేవారు డాక్టరమ్మా.

ముసలయ్య పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఆయన చేతులు కాలిపోతున్నాయి. అలా పట్టుకునే ఆస్పత్రికి తీసుకొచ్చాను. ఎవరు ఎవర్ని నడిపించామో చెప్పలేను.

ఓడకు 19 రోజులు

డాక్టరమ్మ మూడు రోజులు సరిగ్గా నిద్రపోలేదు. భూమ్మీద పెద్ద డాక్టర్లతో తెర మీద మాట్లాడుతూ, వాళ్ళు చెప్పినట్టే ముసలయ్య డొక్కలో సన్నసూది గుచ్చి ప్లీహంలోంచి చిన్న ముక్క తీసింది. ఈరోజు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. నాది గుమ్మడికాయంత. ఆయనది దానిపక్కన దొండకాయలా ఉంది.

"పదిహేను సెంటీమీటర్లే," అంది డాక్టరమ్మ. "అందుకే యంత్రం ఆయనకి నాలుగు మార్కులే వేసింది."

"చూశావా, ఇక్కడా నేనే గెలిచాను," అన్నాను ముసలయ్యతో.

డాక్టరమ్మ నవ్వలేదు. "వేణమ్మగారూ, మీకు తెలిసిన మాటల్లో చెప్తాను. ప్లీహం ఒక వడపోత తొట్టి. రక్తం అందులోంచి పారుతుంది. ముసలివైపోయిన ఎర్రకణాలు అక్కడ ఆగిపోతాయి. క్రిములతో పోరాడే తెల్లకణాలు అక్కడ కాపురముంటాయి. ఆ తెల్లకణాల్లో ఏదో ఒకటి దారితప్పి పెరిగిపోవడమే లింఫోమా. దారితప్పింది ఏ కణమన్నదాన్ని బట్టి తొట్టి పాడయ్యే తీరు మారుతుంది."

"బురద పేరుకోవడం వేరు, రాయి పడటం వేరు."

"అంతే! మీది బురద. తొట్టంతా సమానంగా, నెమ్మదిగా, ఏళ్ళ తరబడి పేరుకుంది. గడ్డ అంటూ ఎక్కడా లేదు. రక్తంలో కణాలు ఆ తొట్టిలో ఇరుక్కుపోతున్నాయి, మీ ఆయాసం, ఒంటి మీద నల్లమచ్చలు అందువల్లే. మైక్రోస్కోపులో చూస్తే మీ చెడ్డ కణాలకి కొసన నూగులా వెంట్రుకలున్నాయి."

నా తల మీద ఊడిపోయిందంతా అక్కడికి చేరిందన్నమాట.

"ఇంకో రకముంది, తొట్టంతా ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న గింజలు. మరొకటి చాలా అరుదు. గడ్డా కనపడదు, గింజా కనపడదు, రక్తం పారే సందుల్లోకే దూరి నింపేస్తుంది. అది చాలా చెడ్డది. ముందు మీది అదేనేమోనని రెండు రోజులు వణికిపోయాను. కాదని తేలింది."

ముసలయ్య ముందుకు వంగాడు. "మరి నాదేందమ్మా?"

కుడివైపు బొమ్మ పెద్దది చేసింది. దొండకాయ మధ్యలో నిమ్మకాయంత నల్లటి ముద్ద.

"మీది రాయి ముసలయ్యగారూ. తొట్టి పెద్దగా పెరగలేదు, కానీ లోపల ఈ గడ్డ వారం వారం పెరుగుతోంది. పెద్ద కణాలు, బాగా తొందరలో ఉన్నాయి. చెమటలు, జ్వరం, బరువు తగ్గడం, అన్నీ దానివే." కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. "కానీ ఇది మందుకి లొంగే రకం. ఇప్పుడు మొదలుపెడితే పూర్తిగా పోయే అవకాశం కూడా ఉంది. ఆ మందులే నా దగ్గర లేవు. భూమ్మీద ఉన్నాయి. ఐదు నెలలు ఆగితే..."

ముసలయ్య చేతివేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు.

"మరి నాది?" అన్నాను.

"మీదాన్ని పూర్తిగా పోగొట్టలేకపోవచ్చు, కానీ చాలా ఏళ్ళు అదుపులో పెట్టొచ్చు. కాలేయంలో వైరస్ ఉంటే కూడా బల్ల ఇలా పెరగొచ్చని పరీక్ష చేశాను, లేదు. వారానికో ఇంజక్షన్ చొప్పున నాలుగు వారాలు. ఆ మందు నా దగ్గరుంది. పైగా అంత బల్లతో మీరు ఓడ ఎక్కడమే భయం. దిగేటప్పుడు ఒంటి మీద నాలుగింతల బరువు పడుతుంది." తల దించుకుంది. "నా అంచనా తప్పయితే మాత్రం, ఈ ఓడ పోయాక ఐదు నెలల దాకా మీకు దారి లేదు. నెమ్మదైన రకం కూడా ఎప్పుడో ఒకప్పుడు తొందర రకంగా మారే వీలుంది. మంచం మీ పేరున ఉంది. మీరు సంతకం పెట్టి వదులుకుంటే తప్ప యంత్రం మార్చదు."

"వద్దులే, ఆమె పోనీ," అన్నాడు ముసలయ్య.

"నువ్వు నోర్ముయ్," అన్నాను.

ఓడకు 18 రోజులు

అప్పటికప్పుడు సంతకం పెట్టేశానని రాసుకుంటే బాగుండేది. పెట్టలేదు. కాగితం ఇంటికి తెచ్చుకున్నాను.

గోడకి ఆనుకుని కూర్చుని పంపు చప్పుడు విన్నాను. డాక్టరమ్మ అంచనా తప్పయితే? ముసలయ్యకి అరవై ఒకటి, నాకు యాభై నాలుగు, అన్న ఆలోచన కూడా వచ్చింది. ఇలాంటి ఆలోచన నాకొస్తుందని నాకే తెలీదు. వచ్చింది, కాసేపు కూర్చుంది, నేనూ వెళ్ళమనలేదు.

చిట్టికి చెప్పాను. ముందు అరిచింది. "ఆయన నీకేమవుతాడే?" అంది.

నాకు తెలిసిందే చెప్పాను. అన్న కాదు, బావ కాదు. ఆయన తవ్వితే నేను కరగబెడతాను, అంతే. తనకి మంచం దక్కదని తెలిసీ, నాకు దక్కనివ్వడానికి పది రోజులు చెమటలో మునిగి నోరు విప్పని మనిషి. వెధవ పని. అంత వెధవ పని నాకోసం ఎవరూ చెయ్యలేదు.

చిట్టి ముక్కు చీదుకుంది. తర్వాత, "గది ఖాళీగానే ఉంచుతాను," అంది.

ఓడకు 17 రోజులు

మేనేజరు పట్టాభి గదిలో పంచాయితీ.

"యంత్రం పదకొండుకి పదకొండు చెప్తుంటే నాలుగు మార్కులవాణ్ణి ఎలా పంపుతానమ్మా? రేపు నన్నడిగితే ఏం చెప్పను?" అన్నాడు.

డాక్టరమ్మ లేచి నిలబడింది. "సార్, ఆ యంత్రానికి టేపు పట్టి కొలవడం తప్ప ఏమీ తెలీదు. లోపల ఏముందో నేను చూశాను. బాధ్యత నాది, నా పేరు రాసుకోండి."

"నువ్వు చిన్నపిల్లవి..."

నేను మధ్యలో దూరాను. "మేనేజరుగారూ, ఉబ్బిన గొట్టం ఒకటి, లోపల రాయి ఇరుక్కున్న పంపు ఒకటి ఉన్నాయనుకోండి. ముందు దేనికి స్పానరు పట్టుకెళ్ళమంటారు?"

"పంపుకి," అన్నాడు వెంటనే. ఒకప్పుడు ఆయనా పంపుల దగ్గరే పనిచేశాడు. అన్నాక తను ఏమన్నాడో అర్థమైంది. నా కాగితం తీసుకున్నాడు. నేను సంతకం పెట్టిన చోట సిరా కాస్త అలుక్కుపోయి ఉంది. ఏమీ అడక్కుండా తన సంతకం కింద పెట్టాడు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని దోమ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఓడకు 6 రోజులు

నాకు మొదటి ఇంజక్షన్. ఐదు గంటలు చుక్క చుక్కగా ఎక్కింది. మొదటి గంటలో ఒళ్ళంతా వణుకు, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. డాక్టరమ్మ మందు ఆపింది, దుప్పట్లు కప్పింది, మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టింది. "మొదటిసారి ఇలా అవుతుంది," అంటూ నా చెయ్యి వదల్లేదు.

పక్క మంచం మీద ముసలయ్య. ఓడ వచ్చేదాకా గడ్డని కాస్త అణిచిపెట్టడానికి ఆయనకి మాత్రలిస్తున్నారు. ఆ మాత్రలకి ఆకలి పుట్టుకొచ్చింది. ఆస్పత్రి ఉప్మా రెండుసార్లు అడిగి తిన్నాడు. జబ్బు నాలిక్కి కూడా పాకిందేమో చూడండి డాక్టరమ్మా అన్నాను.

ఓడ వచ్చిన రోజు

మంచానికి బెల్టులు కడుతుంటే ముసలయ్య నావైపు చూడలేదు.

"తవ్వేదాన్ని ఎవరికప్పగించావు?"

"ఎవుడికిచ్చినా చెడగొడతాడు. మూడో గేరులో కొంచెం ఆగి ఆగి పోవాలని చెప్పు."

"చెప్తాను."

"వేణమ్మా."

"ఊఁ."

"బరువులెత్తబాక."

తలుపు మూశారు. నేను పైప్‌లైను గదికి వెళ్ళాను. ఆ గదిలో ఎవరూ ఉండరు, చప్పుడు ఎక్కువ. అక్కడ ఎంత గట్టిగా ఏడ్చినా ఫరవాలేదు.

ఓడ వెళ్ళాక 40 రోజులు

నాలుగు ఇంజక్షన్లూ అయ్యాయి. ఈరోజు కొలిచారు. పదిహేడు సెంటీమీటర్లు. ఇంకా తగ్గుతుందంది డాక్టరమ్మ. రక్తం పెరిగింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. పొద్దున నాలుగు ఇడ్లీలు తిన్నాను, ఐదోది అడిగితే వంటాయన నా కడుపువైపు చూసి దణ్ణం పెట్టాడు.

డాక్టరమ్మ కొలత పట్టీ పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది. "నా అంచనా తప్పలేదు వేణమ్మగారూ," అంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఆ మాటని గొంతులో పెట్టుకుని తిరిగిందని అప్పుడు తెలిసింది.

ఓడ వెళ్ళాక 131 రోజులు

ముసలయ్య మాట్లాడాడు. తెర మీద గుండు, కనుబొమలు లేవు, బుగ్గలు మాత్రం వచ్చాయి. ఆరు విడతల మందూ పూర్తయిందట. నిన్న స్కానింగులో గడ్డ ఉన్నచోట ఏమీ వెలగలేదట, అంటే గడ్డ లేనట్టే. రెండేళ్ళు చూస్తూ ఉండాలన్నారట.

మా మాట ఇక్కణ్ణుంచి వెళ్ళి జవాబు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. మాకు తిట్టుకోవడానికి అది కాస్త అడ్డమే.

"ఇక్కడ పెద్ద డాక్టరు అడిగాడు," అన్నాడు. "ఇంత చిన్న ప్లీహంలో గడ్డ ఉందని అంత తొందరగా ఎవరు కనిపెట్టారయ్యా అని."

"షమీమమ్మ పేరు చెప్పావా?"

"చెప్పా. ఆమెకంటే ముందు పంపులు బాగుచేసే ఆడమనిషి కనిపెట్టిందని కూడా చెప్పా. గదిలో ఉన్నోళ్ళందరూ పగలబడి నవ్వారు."

"నువ్వో?"

అడిగాక మూడు సెకన్లు ఎదురుచూశాను. తెర మీద ముసలయ్య మొహం అలాగే ఉంది. నా మాట అక్కడికి చేరినట్టుంది, కళ్ళు దించుకున్నాడు.

"నేను నవ్వలేదు," అన్నాడు.